బడిలో పిల్లలు తగ్గారా, ఊళ్లోనే తగ్గారా? శ్రీకాకుళం, విజయనగరం సర్కారు బడుల లెక్క

ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ల కిందట 68 మంది పిల్లలుండేవారు, ఈ ఏడాది 41 మందే ఉన్నారు అనుకుందాం. రచ్చబండ దగ్గర ఎవరినడిగినా "అంతా కాన్వెంటుకి పోయారు, ఇక్కడ చదువేం చెప్తున్నారు?" అంటారు. మేస్టర్లనడిగితే "ఊళ్లో పిల్లలే లేరు, ఎక్కణ్నుంచి తెమ్మంటారు?" అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ మాటలో ఎంత నిజముందో కాగితం మీద తేల్చుకోవచ్చు. తేల్చుకోకుండా వాదించుకుంటేనే చిక్కు, ఎందుకంటే రెండు జబ్బులకూ మందు వేరు.

లెక్క ఇలా కట్టాలి. అంగన్‌వాడీ సర్వే రిజిస్టరులోనూ, బడివాళ్లు ఏటా చేసే ఇంటింటి సర్వేలోనూ ఆ ఊళ్లో ఉన్న పిల్లల వయసులుంటాయి. 1 నుంచి 5 తరగతుల వయసు పిల్లలు ఆరేళ్ల కిందట 96 మంది, ఇప్పుడు 74 మంది అని తేలిందనుకోండి. అప్పట్లో 96లో 68 మంది సర్కారు బడిలో ఉన్నారంటే 71 శాతం. ఇప్పుడు 74లో 41 అంటే 55 శాతం. వాటా 71 శాతం దగ్గరే నిలబడి ఉంటే ఇవాళ బడిలో 52 మంది ఉండాలి. అంటే తగ్గిన 27 మందిలో సుమారు 16 మంది ఊళ్లో పిల్లలు తగ్గడం వల్ల తగ్గినవాళ్లు. మిగతా 11 మందే బడిని కాదనుకుని వెళ్లినవాళ్లు. పదహారు మంది విషయంలో మేస్టర్లను తిట్టి లాభం లేదు. పదకొండు మంది విషయంలో జనాభా మీదికి నెట్టి తప్పించుకోవడానికీ లేదు.

ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ ఊరివి వేసుకుంటే ఫలితం వేరే రావచ్చు. జాతీయ రహదారి పక్కన మండల కేంద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో ప్రైవేటుకు వెళ్లినవాళ్ల లెక్క పెద్దదవుతుంది. బస్సు తిరగని ఊళ్లో జనాభా లెక్కే పెద్దదవుతుంది.

ఊళ్లో పిల్లలు ఎందుకు తగ్గుతున్నారు

మొదటి కారణం కాన్పులు తగ్గడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7. ఒక తరం స్థానంలో మరో తరం అంతే సంఖ్యలో నిలవాలంటే 2.1 కావాలి. కాబట్టి బడి ఎంత బాగున్నా, ఒకటో తరగతిలో చేరే పిల్లల సంఖ్య పదేళ్ల కిందటి స్థాయిలో ఉండదు.

రెండోది వలస. ఉత్తరాంధ్రకు ఇది కొత్త కాదు గానీ, వలసలన్నీ బడిని ఒకేలా తాకవు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ వైపు బోట్ల మీద పనికి వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు. ఇల్లాలు, పిల్లలు ఊళ్లోనే ఉంటారు, కాబట్టి బడి సంఖ్య పెద్దగా కదలదు. హైదరాబాద్, చెన్నై, విశాఖల్లో కట్టడం పనికి వెళ్లేవాళ్లు మాత్రం సంసారంతో వెళ్తారు. పిల్లలు వెంట వెళ్తారు, లేదంటే అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండిపోతారు. వెంట వెళ్లినవాళ్ల పేర్లు రిజిస్టరులో చాలాకాలం అలాగే ఉంటాయి. సంక్రాంతి దాటాక ఏ బడికైనా వెళ్లి మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: రిజిస్టరులో ఉన్నవాళ్లు, ఆ రోజు హాజరు పడినవాళ్లు, మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నవాళ్లు. మొదటి అంకెకూ మూడో అంకెకూ మధ్య తేడా పెరుగుతోందంటే వలసో, ప్రైవేటులో చదువుతూ పేరు ఇక్కడ ఉంచుకోవడమో, ఏదో ఒకటి జరుగుతోందన్నమాట. వలసే అయితే కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే బడుల పథకం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ అడగొచ్చు. తల్లిదండ్రులు పనికి వెళ్లిన నెలల్లో పిల్లలు బడి దగ్గరే తిని, ఉండి చదువుకునే ఏర్పాటు అది. అర్జీ వలస మొదలవ్వక ముందే మండల విద్యాధికారికి (ఎంఈఓ) చేరాలి. పిల్లలు వెళ్లిపోయాక ఇస్తే ఆ ఏడాదికి ఉపయోగం ఉండదు.

మూడోది చాలామంది లెక్కలోకే తీసుకోరు. నాలుగు, ఐదు తరగతుల్లో చురుకైన పిల్లలు గురుకులాలకు, నవోదయకు వెళ్తారు. గురుకులాల్లో చాలావాటికి ఐదో తరగతిలో ప్రవేశం. నవోదయకు ఆరులో. శ్రీకాకుళంలో వెన్నెలవలస, విజయనగరంలో కిల్తంపాలెం నవోదయలకు ఏటా ఊళ్ల నుంచే పిల్లలు వెళ్తున్నారు. ఏ బడి నుంచైనా ముగ్గురికి గురుకులం సీట్లొచ్చాయంటే ఆ టీచర్లు బాగా చెప్పారనే అర్థం. కానీ మరుసటి ఏడు రిజిస్టరులో అది ముగ్గురి లోటుగానే కనబడుతుంది. ఇలా వెళ్లినవాళ్లను బడి పోగొట్టుకున్నవాళ్ల ఖాతాలో వేయడం అన్యాయం.

పదకొండు మంది ఎక్కడ జారిపోయారు

చాలామంది అనుకునేట్టు వీళ్లు మూడో తరగతిలోనో నాలుగులోనో బడి మానేసి ప్రైవేటుకు వెళ్లినవాళ్లు కారు. ఎక్కువమంది అసలు సర్కారు బడి గడప తొక్కనేలేదు. మూడేళ్లు నిండగానే నర్సరీలో పడ్డారు. ఉదయం ఏడున్నరకు ఊరి మొగలో ఆగే పసుపు బస్సులో ఎవరెక్కుతున్నారో ఒక వారం గమనిస్తే చాలు. ఎక్కువమంది టై కట్టుకున్న ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలే. మన రాష్ట్రంలో సర్కారు బడి ఐదేళ్లు నిండినవాళ్లను ఒకటో తరగతిలో చేర్చుకుంటుంది. అంతకుముందు అంగన్‌వాడీ. అంగన్‌వాడీలో పుస్తకం, పలక, రాత ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే తల్లి నిర్ణయం ఉంటుంది. గుడ్డు, పాలు ఇచ్చే చోటుగా మాత్రమే కనిపిస్తే, చదువు కోసం వేరే చోటు వెతుక్కుంటుంది. ప్రైవేటులో రెండేళ్లు చదివి, అక్కడ స్నేహితులు ఏర్పడ్డాక, ఒకటో తరగతికి వెనక్కి రావడం అరుదు. జూన్‌లో మేస్టర్లు ఇంటింటికీ తిరిగి "మా బడికి పంపండమ్మా" అనేసరికి ఆ ఇంటి నిర్ణయం జరిగిపోయి రెండేళ్లవుతుంది.

డబ్బు కోణం కూడా ఇక్కడే ఉంది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి ప్రైవేటులో చదివే పిల్లలకూ వర్తించింది, దాని తర్వాత 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనమూ వర్తిస్తుంది, అదీ ఒకటో తరగతి నుంచి. తల్లికి వందనంలో ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు. అందులో 2,000 బడుల నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఎల్‌కేజీ ఫీజు తల్లిదండ్రులు ఎలాగోలా కడతారు. ఫీజు బరువై వెనక్కి వద్దామా అని ఆలోచించే ఒకటో తరగతిలోనే ఈ డబ్బు చేతికొచ్చి, ప్రైవేటులోనే కొనసాగే వీలిస్తుంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లు కూడా 2022-23 నుంచి రాష్ట్రంలో అమలవుతున్నాయి. అవీ ఒకటో తరగతిలోనే. ఈ పథకాలు తప్పని అనడం లేదు. పేద తల్లికి అందే ప్రతి రూపాయీ విలువైనదే. కానీ అవి సర్కారు బడి సంఖ్యను పెంచుతాయని ఆశపెట్టుకుంటే లెక్క కుదరదు.

కోవిడ్ రెండేళ్లలో సర్కారు బడుల్లో చేరికలు పెరగడం, తర్వాత మళ్లీ తగ్గడం అందరూ చూసిందే. ప్రైవేటు బడులు మూతపడి, ఫీజులు కట్టలేక వచ్చినవాళ్లు పరిస్థితి కుదుటపడగానే వెళ్లిపోయారు. అందుకే 2021-22ను మొదటి ఏడుగా పెట్టుకుని "ఇంత పడిపోయింది" అని చెప్పే పోలికను నమ్మకండి. 2018-19 నుంచి చూస్తేనే అసలు వాలు తెలుస్తుంది.

అరవై దగ్గర ఉన్న గొయ్యి

బడిలో పిల్లలు తగ్గితే పోయేది సంఖ్య ఒక్కటే కాదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. రాష్ట్రం జీఓలతో దీన్ని ఎప్పటికప్పుడు సవరించుకుంటూ ఉంటుంది గానీ, మెట్లు మెట్లుగా ఉండే స్వభావం మారదు. మెట్టు అంచున ఉన్న బడిలో ఒక్క కుటుంబం ఊరు వదిలినా ఒక పోస్టు పోవచ్చు. 61 మందికి ముగ్గురు, 60 మందికి ఇద్దరు.

ఇద్దరితో ఐదు తరగతులంటే ఏమవుతుందో గంటల్లో చూడాలి. చట్టం ప్రకారం 1-5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఇద్దరు టీచర్లు ఏ ఒక్కరోజూ సెలవు పెట్టకుండా, ఏ మీటింగుకూ వెళ్లకుండా పనిచేసినా, ఒక్కో తరగతికి టీచరు నేరుగా దొరికేది ఐదింట రెండు వంతులు, అంటే 320 గంటలు. ఒక్కరే ఉన్న రోజుల లెక్కన ఏడాది గడిస్తే 160 గంటలు.

అలాంటి బడిలో ఒక గదిలో ఒకటి, రెండు తరగతులు, పక్క గదిలో మూడు, నాలుగు, ఐదు కూర్చుంటాయి. బోర్డును సుద్దముక్కతో మూడు భాగాలు చేస్తారు. ఎడమ పక్కన మూడో తరగతికి కూడికలు, మధ్యలో నాలుగుకు తెలుగు ప్రశ్నలు, కుడి పక్కన ఐదుకు ఇంగ్లీషు మాటలు. టీచరు ఐదో తరగతికి పాఠం చెబుతుంటే మూడో తరగతి పిల్లవాడు కూడికలు అయిపోయి గోడ చూస్తుంటాడు. ఈలోగా ఫోన్‌లో హాజరు ఎక్కించాలి, భోజనం లెక్క, గుడ్ల లెక్క చూడాలి. మూడో తరగతి అయ్యేసరికి అక్షరాలు తడబడే పిల్లవాడు ఈ గదిలోనే తయారవుతాడు. టీచరు మంచివాడే అయినా తయారవుతాడు. అది చూసిన పక్కింటి తల్లి తన బిడ్డను కాన్వెంటులో వేస్తుంది. సంఖ్య ఇంకాస్త తగ్గుతుంది. మళ్లీ పోస్టు లెక్క వస్తుంది.

ఈ సుడి తెంచాలనే ప్రయత్నాలు జరిగాయి, ఒక్కోటి ఒక్కోవైపు లాగింది. 2022లో వచ్చిన జీఓ 117 కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులను అక్కడికి తరలించింది. సబ్జెక్టు టీచర్లతో చెప్పిస్తే చదువు మెరుగవుతుందన్నది ఆలోచన. కాగితం మీద కిలోమీటరే. మధ్యలో వానాకాలం పొంగే గెడ్డ ఉన్నా, లారీలు పరుగెత్తే రోడ్డు ఉన్నా అది కిలోమీటరు కాదు. ఎనిమిదేళ్ల బిడ్డను అలా నడిపించేకన్నా ఇంటి ముందు ఆగే బస్సెక్కించడం నయమనుకున్నవాళ్లు చాలామంది. ఊళ్లో మిగిలిన ఒకటి, రెండు తరగతుల బడిని చూసి కొత్తగా చేర్చేవాళ్లూ వెనకాడారు. 2025లో ఆ జీఓను రద్దు చేసి, తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను తెచ్చారు. మూలసూత్రం సరైనదే: తల్లిదండ్రులు చూసేది గోడల రంగు కాదు, తరగతికో మనిషి ఉన్నాడా అన్నది. 2019 నుంచి నాడు-నేడు కింద ఎన్నో బడులకు మంచి గదులు, నీళ్లు, బల్లలు వచ్చాయి. అయినా పిల్లలు నిలవని చోట్ల టీచర్ల సంఖ్య చూడండి, సమాధానం అక్కడే దొరకవచ్చు. ఆదర్శ పాఠశాలగా ఎంపిక కాని చిన్న బడి సంగతి మాత్రం తేలలేదు. అక్కడ ఒకరో ఇద్దరో టీచర్లే. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ 2025లో గానీ 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ రాలేదు. ఆ మధ్య కాలంలో పదవీ విరమణలు ఆగలేదు.

పది ఫలితాలతో బడిని తూచడం

పదో తరగతి ఫలితాలు రాగానే పేపర్లలో జిల్లా ర్యాంకులు వస్తాయి. 2023, 2024, 2025 వరుసగా మూడేళ్లు పార్వతీపురం మన్యం జిల్లా రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. 2024లో ఉత్తీర్ణత 96.37 శాతం. గర్వించాల్సిన విషయమే. కానీ ఆ అంకెలో ప్రైవేటు బడులు, గురుకులాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు అన్నీ కలిసే ఉంటాయి. 15 మండలాల చిన్న జిల్లాలో, పిల్లలు హాస్టల్లోనే ఉండి రాత్రిపూట స్టడీ అవర్లు జరిగే బడులు ఎక్కువున్న చోట, పరీక్షకు తయారుచేయడం తేలిక. జిల్లా ర్యాంకు చూసి మీ జెడ్పీ హైస్కూలు గురించి ఏమీ చెప్పలేం.

పైగా రాష్ట్రం మొత్తం ఉత్తీర్ణతే 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. మీ బడి 2023లో 75 నుంచి 2024లో 87కు వెళ్లిందంటే బడి గొప్పతనమేమీ లేదు, రాష్ట్రంతో పాటు పెరిగింది. రాష్ట్ర సగటుకూ బడి శాతానికీ మధ్య తేడా ఏటేటా ఎలా మారుతోందో అది చూడాలి.

ఇంతకన్నా ముఖ్యమైన లొసుగు ఎంతమందిలో ఇంతమంది అని లెక్కకట్టడంలో ఉంది. ఉత్తీర్ణత శాతం పరీక్ష రాసినవాళ్లలో లెక్కిస్తారు. ఐదేళ్ల కిందట ఆరో తరగతిలో 62 మంది చేరారనుకోండి. పదికి వచ్చేసరికి 48 మంది, పరీక్ష రాసింది 46, పాసైంది 41. ఫ్లెక్సీ మీద 89 శాతం అని రాస్తారు. చేరినవాళ్లలో చూస్తే 66 శాతం. మధ్యలో పోయిన 14 మందిలో కొందరు వేరే బడికి టీసీ తీసుకుని వెళ్లి ఉంటారు, వాళ్లను తీసేయాలి. కొత్తగా చేరినవాళ్లుంటే కలపాలి. మిగిలినవాళ్లు ఎక్కడున్నారు? తొమ్మిదో తరగతిలో వరుసగా సెలవులు పెట్టి, పదికి పేరు లేకుండా పోయిన అబ్బాయి ఏ కార్ఖానాలో ఉన్నాడు, అమ్మాయికి పెళ్లయిందా? ఏ బడి మంచి బడి అంటే ఈ ప్రశ్నకు పేరుపేరునా జవాబు చెప్పగలిగేదే.

ప్రాథమిక స్థాయిలో పరీక్ష మార్కులకన్నా చదివించి చూడటం నమ్మకమైన పద్ధతి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం మూడో తరగతి పూర్తయిన పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు అంకెలు చదివి రాయాలి. ఇంట్లో ఇలా చూడొచ్చు. బడిలో కంఠతా పట్టిన పాఠం కాకుండా, బిడ్డ ఎప్పుడూ చూడని పేజీ ఒకటి ఇవ్వండి. ఒక నిమిషం చదివించి సరిగా చదివిన మాటలు లెక్కపెట్టండి. చదివినదాంట్లోంచే రెండు ప్రశ్నలు అడగండి. తర్వాత 402 నుంచి 157 తీసేయమనండి. మధ్యలో సున్నా ఉన్నప్పుడు అప్పు తీసుకోవడం వచ్చినవాడికే 245 వస్తుంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసే అలవాటున్న పిల్లలు 355 అని రాస్తారు. ఆ తప్పు చూస్తేనే ఎక్కడ ఆగిపోయాడో తెలిసిపోతుంది. ప్రైవేటులో చదివే బిడ్డకూ ఇదే పరీక్ష పెట్టండి. పోలిక అప్పుడే న్యాయంగా ఉంటుంది.

ఇంకొకటీ గుర్తుంచుకోవాలి. 2011 జనగణనలో అక్షరాస్యత విజయనగరం జిల్లాలో 58.89 శాతం, శ్రీకాకుళంలో 61.74, అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67.02. సర్కారు బడిలో మిగిలిన పిల్లల్లో ఇంట్లో హోంవర్కు చెప్పేవాళ్లు లేనివాళ్లే ఎక్కువ. ఫీజు కట్టి, ట్యూషన్‌కీ పంపగలిగిన ఇంటి బిడ్డ మార్కు పక్కన ఈ పిల్లల మార్కు పెడితే బడుల మధ్య తేడా ఎంత, ఇళ్ల మధ్య తేడా ఎంత అన్నది తెలియదు.

అంకెలు తీసేటప్పుడు జాగ్రత్తలు

పాత జిల్లా అంకెలను కొత్త జిల్లా అంకెలతో పోల్చకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. 38 మండలాల శ్రీకాకుళం 30 అయింది: పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని మన్యంలోకి, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలోకి వెళ్లాయి. 34 మండలాల విజయనగరం 27 అయింది. "శ్రీకాకుళంలో బడిపిల్లలు ఇంత తగ్గారు" అనే అంకెలో ఎనిమిది మండలాలు గీత దాటి వెళ్లిన తగ్గుదల కూడా కలిసిపోయి ఉండొచ్చు. మండలం, ఇంకా మంచిది బడి స్థాయి అంకెలు చూడటమే.

బడి స్థాయిలో, దేశంలోని బడులన్నిటి వివరాలు ఏటా నమోదు చేసే యూడైస్ అంకెలే ఆధారం. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది: మొదటి రెండూ రాష్ట్రానివి (మనది 28), తర్వాత రెండు జిల్లావి, రెండు మండలానివి, మూడు ఊరివి, చివరి రెండు బడివి. శ్రీకాకుళం పాత కోడ్ 11, విజయనగరానిది 12. 2022-23 నుంచి బడి మొత్తం సంఖ్య బదులు ఒక్కొక్క విద్యార్థి పేరుమీద వివరాలు ఎక్కిస్తున్నారు. దాంతో ఒకే బిడ్డ రెండు బడుల్లో కనబడటం తగ్గింది, అప్పటిదాకా పొంగి ఉన్న సంఖ్యలు కొంత పడ్డాయి. ఆ ఏడాది తగ్గుదలలో కొంత భాగం లెక్క సరిదిద్దుకోవడమే. టీసీ తీసుకుని కొత్త బడిలో ఇంకా ఎక్కని పిల్లలు యూడైస్‌లో డ్రాప్ బాక్సు అనే జాబితాలో ఉంటారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడిశా బడుల్లో చేరినవాళ్ల పేర్లు అందులో మిగిలిపోయాయేమో విడిగా చూసుకోవాలి. వాళ్లు చదువు మానేసినవాళ్లు కాకపోవచ్చు.

పేరెంట్స్ కమిటీ చేయగలిగింది

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలుండాలని చట్టం. ఈ కమిటీ పని జూన్‌లో కాదు, ఫిబ్రవరిలో మొదలవ్వాలి. అంగన్‌వాడీలో ఐదేళ్లు నిండబోతున్న పిల్లల పేర్లు తీసుకుని, వాళ్ల తల్లులను ఒకసారి ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టాలి. ప్రైవేటు నుంచి రావాలనుకునేవాళ్లకు అక్కడ ఫీజు బాకీ పేరుతో టీసీ ఆపితే భయపడనక్కర్లేదని చెప్పాలి: విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి ప్రవేశం నిరాకరించకూడదు. వయసు ధ్రువపత్రం లేకపోయినా 14వ సెక్షన్ ప్రకారం చేర్చుకోవాల్సిందే. ఆరో తరగతికి వచ్చేవాళ్లకు చెప్పదగ్గ మాట ఇంకోటుంది. ఎనిమిదిలో పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతనం పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో హాస్టల్ లేని సర్కారు హైస్కూళ్లలో చదివినవాళ్లకు 4 శాతం అదనపు స్కోరు కలుస్తుంది. ఈ రెండూ ప్రైవేటు బడిలో ఉంటే రావు.

వేసవిలో టీచర్ల హేతుబద్ధీకరణ, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులను సర్దడం, మొదలైనప్పుడు మండలాఫీసులో బడులవారీ జాబితా పెడతారు. అందులో మీ బడి పక్కన ఏ సంఖ్య రాశారు, ఏ తేదీ రిజిస్టరు నుంచి తీసుకున్నారు అన్నది హెడ్మాస్టరుతో కలిసి సరిచూసుకోండి. తేదీ తర్వాత చేరినవాళ్లు, డ్రాప్ బాక్సు నుంచి ఇంకా ఎక్కించనివాళ్లు, ఆధార్‌లో పేరు తప్పు పడి ఆగిపోయినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు, ప్రవేశ సంఖ్యలతో సహా అభ్యంతరం రాసి గడువులోపు ఎంఈఓ చేతికిచ్చి, నకలు మీద తేదీ, సంతకం తీసుకోండి. బదిలీల కౌన్సెలింగ్ అయిపోయాక ఇచ్చే అర్జీతో పోయిన పోస్టు ఆ విద్యా సంవత్సరంలో తిరిగి రావడం చాలా కష్టం.